ఫ్యూయల్ పంపు: ఒట్టి మోటార్ వెయ్యాల్నా, మొత్తం అసెంబ్లీ మార్చాల్నా? అసలు పోటీ ఎక్కడున్నది?

ఓరుగల్లు_ఎఫ్‌ఐ (వరంగల్)

2020 ఏప్రిల్ 1న బీఎస్6 (బండి పొగ మీద కొత్త నిబంధన) వచ్చినంక దాదాపు అన్ని టూవీలర్లల్ల పాత కార్బురేటర్ పోయి ట్యాంకుల కరెంటు పంపు వచ్చింది. ఆ బండ్లన్నీ ఇప్పుడు వారంటీ దాటి బయటి షెడ్లకు వస్తున్నయి. పంపు పోయిందని దుకాణానికి పోతే మూడు రకాల సరుకు చూపెడ్తరు. బండి కంపెనీ డబ్బాల మొత్తం అసెంబ్లీ ఒకటి. పేరున్న తయారీదారుది ఒట్టి మోటార్ ఇంకోటి. మూడోది తెల్ల డబ్బాల పేరు లేనిది. ధరల మధ్య తేడా రెట్లల్ల ఉంటది.

అసెంబ్లీల పాడయ్యేది ఎక్కువసార్లు మోటార్ ఒక్కటే, లేకుంటే కింది జాలి. ఫ్లోట్ (పెట్రోల్ ఎంతున్నదో చూపే తేలే ముక్క), రెగ్యులేటర్ (ప్రెషర్‌ను హద్దుల ఉంచేది), పైమూత బాగనే ఉంటయి. మరి కస్టమర్ మొత్తానికి పైసలెందుకు కట్టాలె? ఒట్టి మోటార్ వేస్తే ఏం చూసుకోవాలె? ఇంతమంది తయారీదార్లు పోటీ పడుతుంటే సరుకు నిజంగ మెరుగైందా, డబ్బా రంగే మారిందా? తెలిసినోళ్లు కొలతలతోని చెప్పాలె. "ఫలానా బ్రాండ్ మంచిది" అనే మాట వద్దు.

రాణిగంజ్_స్పేర్స్ (సికింద్రాబాద్)

అన్నా, మొదటి ప్రశ్నకు జవాబు పార్ట్స్ కేటలాగ్‌లోనే ఉంది. బండి కంపెనీ సప్లయర్ దగ్గర కొనేదే పూర్తి మాడ్యూల్, అంటే మీరన్న అసెంబ్లీ. కేటలాగ్‌లో దానికి ఒకే నంబరు ఉంటుంది. లోపలి మోటార్‌కి విడిగా నంబరు ఇవ్వరు కాబట్టి డీలర్ దగ్గర అది అమ్మకానికే రాదు. అదే మోటార్ తయారుచేసిన కంపెనీ బయటి మార్కెట్‌లో సొంత పేరుతో అమ్మితేనే మనకు దొరుకుతుంది.

ఇది పంపుకే ఉన్న గొడవ కాదు. స్పేర్ పార్టులు, డయాగ్నొస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కేసు తర్వాత పై మెట్లెక్కింది. కానీ ఆ ఆర్డర్‌లో రాసిన సమస్య ఇదే: బండి కొన్నాక దాని పార్టుకు ఆ ఒక్క కంపెనీయే దిక్కయితే అక్కడ పోటీ అన్నది లేనట్టే.

తయారీదారుల సంగతి కూడా చూడండి. పేర్లు చాలా కనపడతాయి, ఇళ్లు మాత్రం తగ్గుతున్నాయి. కైహిన్ 2021 జనవరిలో హిటాచీ ఆస్టెమోలో కలిసింది. డెన్సో తన ఫ్యూయల్ పంప్ మాడ్యూల్ వ్యాపారాన్ని 2022లో ఐసాన్‌కు అప్పగించింది. డెల్ఫీ టెక్నాలజీస్‌ను 2020లో బోర్గ్‌వార్నర్ కొన్నది, 2023లో ఆ ఇంధన విభాగాన్ని ఫినియా పేరుతో విడదీసింది. డబ్బా మీద కొత్త పేరు కనపడగానే కొత్త పంపు అనుకోవద్దు. మన దేశంలో కోయంబత్తూరు ప్రికోల్ లాంటివాళ్లు టూవీలర్ మాడ్యూల్స్‌లోకి రావడం మాత్రం నిజమైన కొత్త పోటీ.

పాలిటెక్నిక్_ఆటో (హన్మకొండ)

సరుకు మెరుగైందా అని అడిగారు. మెరుగైంది. కాకపోతే బయటికి కనపడని చోట. పాత పంపునూ కొత్త పంపునూ కోసి పక్కపక్కన పెడితే తేడా చేతికి తెలుస్తుంది.

మొదట కమ్యుటేటర్, అంటే బ్రష్‌ల నుంచి కరెంటును తిరిగే చుట్టలకు అందించే ముక్క. పాత రకంలో అది రాగి పలకలది, దాని మీద కార్బన్ బ్రష్ రాసుకుంటుంది. మంచి పంపుల్లో ఇప్పుడు కమ్యుటేటర్ ముఖం కూడా కార్బనే. కారణం ఎథనాల్. వట్టి పెట్రోల్ కరెంటును దాదాపు పోనివ్వదు. ఎథనాల్, దాంతోపాటు అది పీల్చిన తేమ కలిస్తే కొంత పోనిస్తుంది. పంపు మోటార్ మొత్తం ఇంధనంలోనే మునిగి తిరుగుతుంది కాబట్టి రాగి పలకల అంచులు తినుకుపోతాయి. అరిగిన కమ్యుటేటర్‌ను వేలిగోరుతో గీకితే గాడి తగులుతుంది, పలకల మధ్య నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది. ఈ20 పెట్రోల్ (20 శాతం ఎథనాల్ కలిపింది) 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి రావడం మొదలైంది. కాబట్టి పాత డిజైన్ రాగి కమ్యుటేటర్ పంపును చవగ్గా వస్తుందని ఇప్పుడు వేయడం తెలిసి తెలిసి నష్టం కొనుక్కోవడమే.

రెండోది ఇంపెల్లర్. చుట్టూ సన్న పళ్లున్న ప్లాస్టిక్ బిళ్ల అది. పైన, కింద ఉన్న పలకల మధ్య దాని సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. సందు పెరిగితే ప్రెషర్ రాదు, ప్లాస్టిక్ ఉబ్బితే బిళ్ల బిగుసుకుంటుంది. ప్రపంచమంతా జరిగిన పెద్ద రీకాల్‌కు మూలం ఇదే: కొన్ని బ్యాచ్‌ల ఇంపెల్లర్ సాంద్రత తక్కువగా ఉండి, ఇంధనాన్ని పీల్చి ఉబ్బి, పంపు ఒంటికి రాసుకుంది. మన దేశంలో హోండా కార్స్ 2020 జూన్‌లో 65,651 కార్లు, 2021 ఏప్రిల్‌లో 77,954 కార్లు, 2024 అక్టోబరులో 90,468 కార్లు పంపు మార్చడానికి పిలిచింది. మారుతి సుజుకి 2020 జులైలో వ్యాగన్‌ఆర్, బలెనో కలిపి 1,34,885 బండ్లను పిలిచింది. ఒకే సప్లయర్ ఒకే ప్లాస్టిక్‌ను అందరికీ ఇస్తే తప్పు కూడా అందరికీ చేరుతుంది.

మూడోది బ్రష్ లేని మోటార్. బ్రష్ అరుగుదల ఉండదు, కరెంటు తక్కువ తాగుతుంది, ఇంజిన్‌కు ఎంత కావాలో అంతే వేగంతో తిరుగుతుంది. కానీ దానికి కంట్రోలర్ కావాలి. పంపు మోటార్‌కు మూడు సమాన వైర్లు కనపడితే బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి పరీక్షించవద్దు.

ఓరుగల్లు_ఎఫ్‌ఐ

> పాత డిజైన్ రాగి కమ్యుటేటర్ పంపును

సార్, కొనేటప్పుడు పంపును కోసి చూడలేం కద. బయటినుంచి ఎట్ల తెలుస్తది?

రాణిగంజ్_స్పేర్స్

కమ్యుటేటర్ బయటికి కనపడదు. అడగాల్సింది రెండు: తయారీదారు కేటలాగ్‌లో ఆ పార్ట్ నంబరు ఎదురుగా ఈ20 అని రాసి ఉందా, బిల్లు మీద ఆ నంబరు వేసిస్తారా. బిల్లు మీద నంబరు వేయనన్న దుకాణంలో కొనవద్దు.

నకిలీ పట్టుకోవడానికి డబ్బా కంటే పంపు ఒంటినే చూడాలి. అసలు దాని మీద బ్యాచ్, తేదీ లేజర్‌తో చెక్కి ఉంటాయి, పెట్రోల్ గుడ్డతో తుడిచినా పోవు. నకిలీ దాని మీద సిరా అక్షరాలు తుడవగానే మసకబారతాయి. డబ్బాలోంచి తీసి పక్కకు వంచితే పాత పెట్రోల్ వాసన వచ్చిందంటే వాడిన పంపును కడిగి మళ్లీ ప్యాక్ చేశారని అర్థం. కొత్త పంపులో ఫ్యాక్టరీ టెస్ట్ నూనె తడి కొంచెం ఉండొచ్చు, దాని వాసన వేరు.

ఇంకోమాట, 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బిల్లు లేకుండా కొంటే మిగిలేది ముందుకన్నా తగ్గింది.

మడికొండ_ఆటోకేర్

పంపు మార్చే ముందు పంపే పోయిందని రుజువు చేసుకోవాలె అన్నా. మార్కెట్ల అమ్ముడుపోతున్న పంపులల్ల ఎన్నో బాగున్న పంపుల జాగల పడుతున్నయి. ఇదీ వరుస.

తాళం తిప్పంగనే రెండు సెకన్లు గుయ్యిమని చప్పుడు రావాలె. రాకుంటే పంపు తియ్యకు. ఫ్యూజు, రిలే చూడు, పంపు కనెక్టర్ కాడ వోల్టేజ్ చూడు. ఆ రెండు సెకన్లల్లనే చూడాలె, లేకుంటే రిలే కాడ జంపర్ పెట్టి పంపును తిప్పుకుంట చూడాలె. లోడు లేకుండ కొలిచిన 12 వోల్టులకు విలువ లేదు. బ్యాటరీ మీద ఎంతున్నదో కనెక్టర్ మీద దానికన్న అర వోల్టు కంటే తగ్గొద్దు. తగ్గితే నెగెటివ్ దిక్కు ముందు చూడు. వానకాలం తర్వాత ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి రెండు వోల్టులు అక్కడనే తినేస్తది. పంపు నెమ్మదిగ తిరుగుతది, ప్రెషర్ రాదు. కొత్త పంపు వేసినా అదే కథ.

వోల్టేజ్ మంచిగుంటే ప్రెషర్. టీ-జాయింట్ పెట్టి 0–7 బార్ గేజ్ కట్టు. చాలా స్కూటర్లు, బైకులు 3 బార్ దగ్గర, పోర్ట్ ఇంజెక్షన్ కార్లు 3 నుంచి 4 బార్ మధ్య ఉంటయి. సరైన అంకె బండి మాన్యువల్‌లనే చూడాలె. ఇంజిన్ బంద్ చేసి ఐదు నిమిషాలు గేజ్ చూడు. వెంటనే సున్నాకు పడితే పంపులోని చెక్ వాల్వ్ (పెట్రోల్ వెనక్కి రాకుండ ఆపేది), రెగ్యులేటర్, ఇంజెక్టర్ (ఇంజిన్‌లకు పెట్రోల్ చిమ్మేది) మూడింట్ల ఒకటి కారుతున్నది. గేజ్ కిట్‌ల ఉన్న కాక్ మూసి మళ్లీ చూస్తే ఏ దిక్కో తెలుస్తది. నైలాన్ పైపును పక్కారుతోని నొక్కొద్దు, పగులుతది.

ఆఖరుకు కరెంటు. ఫ్యూజు జాగల మీటర్ పెట్టు. కారు పంపు మామూలుగ 4 నుంచి 6 ఆంపియర్లు తాగుతది. ఎక్కువ తాగితే ముందర ఫిల్టర్ మూసుకున్నది, లేకుంటే మోటార్ బిగుస్తున్నది. తక్కువ తాగి ప్రెషర్ కూడ తక్కువుంటే కింద జాలి మూసుకుని గాలి గుంజుతున్నది, లేకుంటే రెగ్యులేటర్ తెరుచుకుని ఉన్నది.

హుజూరాబాద్_బైక్స్

అన్నా, దుకాణంల "గంటకు 120 లీటర్ల పంపు, పెద్దది, పికప్ వస్తది" అని అమ్ముతున్నరు. వెయ్యొచ్చునా?

పాలిటెక్నిక్_ఆటో

వద్దు తమ్మీ. లెక్క వేసి చూడు. 110 సీసీ స్కూటర్ ఫుల్ థ్రాటిల్‌లో సుమారు 6 కిలోవాట్లు ఇస్తుంది. కిలోవాటు-గంటకు 330 గ్రాముల పెట్రోల్ అనుకున్నా గంటకు 2 కిలోలు, అంటే రెండున్నర లీటర్లకు కొంచెం పైన. 50 కిలోవాట్ల చిన్న కారుకు గంటకు 20 లీటర్ల పైచిలుకు. కార్లలో కంపెనీ పంపే దీనికి మూడు నాలుగింతలు ఇస్తుంది. మిగిలినదంతా రెగ్యులేటర్ తిరిగి ట్యాంకులోకి వదులుతుంది. పెద్ద పంపు వేస్తే ఎక్కువ పెట్రోల్ ఊరికే తిరిగి వేడెక్కుతుంది, అల్టర్నేటర్ మీద, వైరింగ్ మీద భారం పెరుగుతుంది. పికప్ రాదు.

పంపు ఎంత ఇస్తున్నదో కొలవడం తేలిక. గంటకు 80 లీటర్ల పంపు 15 సెకన్లలో 330 మిల్లీలీటర్లు నింపాలి. ప్రెషర్ ఉన్నప్పుడు నింపాలి, ఖాళీ పైపులోకి కాదు. లేబుల్ మీద లీటర్ల పక్కన ఏ బార్ దగ్గర, ఎన్ని వోల్టుల దగ్గర అని రాయకపోతే ఆ అంకెను నమ్మవద్దు.

మడికొండ_ఆటోకేర్

ఒట్టి మోటార్ మార్చేటోళ్లకు నాలుగు ముక్కలు. ఇక్కడనే పని చెడుతది.

ముందుగాల ఫ్యూజు పీకి ఇంజిన్ దానంతటది ఆగేదాక నడిపితే ప్రెషర్ దిగుతది. బ్యాటరీ నెగెటివ్ తియ్యి. ట్యాంకు మూత చుట్టు మట్టిని గాలి కొట్టి, తుడిచి అప్పుడు విప్పు. మన రోడ్ల దుమ్ము ట్యాంకుల పడితే కొత్త జాలి వారంల మూసుకుంటది. మాడ్యూల్ పైకి తీసేటప్పుడు పక్కకు వంచి తియ్యి, ఫ్లోట్ కడ్డీ వంగితే మీటర్ తప్పు చూపెడ్తది.

మోటార్ నుంచి మూతకు పోయే ముడతల నైలాన్ గొట్టం గట్టిగ ఉంటది. హీట్ గన్ వద్దు, అక్కడ పెట్రోల్ ఆవిరి ఉంటది. గొట్టం కొసను వేడినీళ్లల్ల ముంచితే మెత్తబడుతది. గొట్టం పగిలితే బయట దొరికే మామూలు పెట్రోల్ హోస్ ముక్క పెట్టొద్దు. అది లోపలి దిక్కు పెట్రోల్‌కు తట్టుకుంటది, బయటి రబ్బరు తట్టుకోదు. ట్యాంకుల మునిగి ఉంటే కరిగి నల్లటి పొడి ఇంజెక్టర్‌కు చేరుతది. ఎస్‌ఏఈ జే30 ఆర్10 అని అచ్చున్న హోసే మునిగే జాగకు చేసింది.

వైర్లు తారుమారైతే మోటార్ ఉల్టా తిరుగుతది. చప్పుడు వస్తది, ప్రెషర్ రాదు. చాలామంది అప్పుడు కొత్త పంపే ఖరాబని వాపస్ ఇస్తరు.

జాలి, మూత కింద సీలు తప్పనిసరిగ కొత్తవి. పాత సీలు పెట్రోల్ తాగి ఉబ్బి ఉంటది, గాడిల కూసోదు. నొక్కి బిగిస్తే ఒక దిక్కు ముడుచుకుని వెనక సీటు కింద వాసన మొదలైతది.

పరకాల_ట్రాక్టర్

మీరు పెట్రోల్ ముచ్చటే చెప్తున్నరు. ఊర్లల్ల ట్రాక్టర్లకు, కోత మిషన్లకు పంపు పోతేనే పని ఆగుతది. యాసంగి కోతలప్పుడు రెండు దినాలు మిషన్ ఆగితే వాన వడ్లను ముంచుతది. ట్రాక్టర్ పంపులల్ల పోటీ ఉన్నదా లేదా?

డీజిల్_బెంచ్ (కరీంనగర్)

ఉన్నది కాకా, అయితే వేరే తీరు. 50 హెచ్‌పీ పైన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్4 అనే పొగ నిబంధన వచ్చింది, వాటిల్ల కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకు ఒకే హైప్రెషర్ గొట్టం, దాన్నే రైలు అంటరు) వచ్చింది. మన ఊర్లల్ల ఉన్న మెజారిటీ ట్రాక్టర్లు దానికి కిందివే, వాటికి మెకానికల్ పంపే. రెండు రకాలు: జనం ఇప్పటికీ మైకో పంపు అని పిలిచే ఇన్‌లైన్, రెండోది రోటరీ, డీపీఏ అనే మోడల్ జాతి. మైకో 2008లోనే బాష్‌గ మారింది, పేరు మాత్రం నాలుకల మీద ఉన్నది.

ఈ రెండింట్ల తేడా రైతుకు ముఖ్యం. ఇన్‌లైన్‌ల ఒక్కో సిలిండర్‌కు ఒక ఎలిమెంట్ (డీజిల్‌ను నొక్కే పిస్టన్, దాని గొట్టం), అడుగున క్యామ్‌కు ఇంజిన్ ఆయిల్. రోటరీల ఒకే హెడ్-రోటర్ అన్ని సిలిండర్లకు పంచుతది, లోపల ప్రతి ముక్కకు డీజిలే నూనె. కాబట్టి డీజిల్‌ల నీళ్లొస్తే ఇన్‌లైన్ కొంత ఓర్చుకుంటది, రోటరీ ఓర్చుకోదు. విప్పి రోటర్ బయటికి తీస్తే అద్దం లెక్క ఉండాల్సిన ఒంటి మీద నిలువు గీతలు కనపడ్తయి. గీత గోరుకు తగిలితే అది పోయినట్టే, రుద్ది వెయ్యొద్దు.

ఇన్‌లైన్ ఎలిమెంట్ సెట్లు బయట శానా మంది చేస్తున్నరు, ధర దిగింది. కానీ ఎలిమెంట్ మార్చినంక టెస్ట్ బెంచ్ (పంపును తిప్పి కొలిచే మిషన్) ఎక్కించకుంటే పైసలు దండగ. బెంచ్‌ల ఐఎస్‌ఓ 4113 టెస్ట్ ఆయిల్, 40 డిగ్రీల దగ్గర, పంపు నంబరుకు ఉన్న టెస్ట్ ప్లాన్ ప్రకారం ఒక్కో సిలిండర్‌కు ఎన్ని సీసీలో చూసి సమానం చెయ్యాలె. రిపోర్టు కాగితం అడిగి తీసుకో. సిలిండర్ వారీ అంకెలు లేని రిపోర్టు రిపోర్టు కాదు.

నీళ్లకు మందు చవక. క్యాన్ల డీజిల్ రాత్రంత కదలకుండ పెట్టి అడుగు నాలుగు వేళ్లు వదిలి పై డీజిలే పొయ్యి. వాటర్ సెపరేటర్ కింద స్క్రూ పొద్దుగాల ఇంజిన్ స్టార్ట్ కాకముందే వదులు చెయ్యి. గ్లాసుల పట్టి చూస్తే నీళ్లు కింద గోళీలోలె ఉరుకుతయి.

భూపాలపల్లి_టిప్పర్

బీఎస్6 టిప్పర్లల్ల కామన్ రైల్ పంపు పోతే ఇంజెక్టర్లు కూడ మార్చాలంటున్నరు. ఇది పార్టులు అమ్ముకునే మాటనా?

డీజిల్_బెంచ్

అమ్ముకునే మాట కాదు అన్నా, పంపు ఏ తీరుగ పోయిందో దాన్ని బట్టి. కామన్ రైల్ ట్రక్కులల్ల 1995ల డెన్సో, కార్లల్ల 1997ల బాష్ తెచ్చినయి. అప్పటినుంచి పోటీ అంత ప్రెషర్ మీదనే నడిచింది. కొత్త పంపులు 2000 బార్ దగ్గర పనిచేస్తయి. ప్రెషర్ పెరిగిన కొద్ది డీజిల్ జిడ్డు మీద ఆధారం పెరిగింది. బీఎస్6 డీజిల్‌ల గంధకం 50 నుంచి 10 పీపీఎమ్‌కు దిగింది. గంధకం తీసేటప్పుడు జిడ్డు కూడ పోతది, అందుకే మళ్లీ కలుపుతరు. ఐఎస్ 1460 (మన డీజిల్ ప్రమాణం) ప్రకారం జిడ్డు పరీక్షల పడే అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటొద్దు. కిరసనాయిలు కలిపిన డీజిల్, నీళ్లున్న డీజిల్ ఈ హద్దుల నిలవవు.

పంపు మీదున్న మీటరింగ్ వాల్వ్ (పంపుకు ఎంత డీజిల్ పోవాల్నో వదిలేది) విప్పు. దాని చిన్న జాలిని తెల్ల గుడ్డ మీద తట్టు. గుడ్డ మీద వెండి పొడి మెరిస్తే పంపు లోపల లోహం రాసుకుంటున్నది, ఆ పొడి రైలుకు, ఇంజెక్టర్లకు, వాపస్ పైపు నుంచి ట్యాంకుకు చేరింది. అప్పుడు పంపు ఒక్కటే మారిస్తే పాత పొడి కొత్త పంపును తింటది. పంపు, ఇంజెక్టర్లు, రైలు, హైప్రెషర్ పైపులు, ఫిల్టర్ మార్చి ట్యాంకు దించి కడగాలె. గుడ్డ తెల్లగ ఉంటే ఆగు. మీటరింగ్ వాల్వ్ వైరింగ్, ఫీడ్ ప్రెషర్, ఇంజెక్టర్ రిటర్న్ చూడు. నాలుగు సీసాలు పెట్టి రిటర్న్ పట్టితే ఏ ఇంజెక్టర్ ఎక్కువ వదులుతదో తెలుస్తది.

హుజూరాబాద్_బైక్స్

పెట్రోల్‌ల నీళ్లు, ఎథనాల్ ఎంతున్నదో షెడ్డులనే చూసే ఉపాయం ఉన్నదా?

పాలిటెక్నిక్_ఆటో

ఉంది. 100 మి.లీ. గీతల గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోల్ పోసి మూతపెట్టి ఊపి పది నిమిషాలు నిలబెట్టు. ఎథనాల్ పెట్రోల్‌ను వదిలి నీళ్లలోకి దిగుతుంది. అడుగు పొర 28 గీత దగ్గరికి వస్తే ఈ20, 19 దగ్గర ఆగితే ఈ10. ఒకటీ రెండు గీతలు అటూ ఇటూ అవుతుంది. తేమ కోసం వేరే పరీక్ష: ట్యాంకు అడుగు నుంచి తీసిన పెట్రోల్‌ను నీళ్లు కలపకుండా అదే గొట్టంలో నిలబెట్టు. అడుగున వేరే పొర కనపడితే ఎథనాల్ నీళ్లను పట్టుకుని విడిపోయింది. పంపు పీల్చేది ఆ అడుగు పొరనే. అలాంటి ట్యాంకులో కొత్త పంపు వేసే ముందు ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టాలి.

ఓరుగల్లు_ఎఫ్‌ఐ

మంచిగ చెప్పిన్రు. ఇంకొక్కటి. ఒట్టి మోటార్ వేసిన కొన్ని కార్లల్ల మైలేజ్ పడ్తున్నది, ప్లగ్గులు నల్లగైతున్నయి. మోటార్ అసలుదే. మరి ఎందుకు?

మడికొండ_ఆటోకేర్

మోటార్‌తోపాటు సెట్టుల వచ్చిన రెగ్యులేటర్ కూడ మార్చినట్టున్నరు. దాని ఒంటి మీద అంకె చదువు. 3 బార్ ఉండే జాగల 4 బార్ పడితే ఇంజెక్టర్ తెరిచిన ప్రతిసారి పెట్రోల్ ఎక్కువ పోతది. ప్రెషర్ నిష్పత్తి వర్గమూలం లెక్కన దాదాపు 15 శాతం. ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కొంత తగ్గిస్తది, స్టార్టింగ్‌ల, ఫుల్ థ్రాటిల్‌ల తగ్గించదు. స్కానర్‌ల లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) మైనస్‌ల రెండంకెలు చూపెడితే అనుమానం లేదు. పాత రెగ్యులేటర్ బాగుంటే దాన్నే తీసి కొత్త ఓ-రింగులతోని పెట్టు, గేజ్ కట్టి 3 వస్తున్నదా చూడు, ఈసీయూ అడాప్టేషన్ (అది నేర్చుకున్న పాత లెక్కలు) రీసెట్ చేసి ఇయ్యి.

ఓరుగల్లు_ఎఫ్‌ఐ

సెట్టుల వచ్చిన దాని మీద 4 అనే అచ్చున్నది. పాతయి డబ్బాలనే దాచిపెట్టినం, రేపు ఒక బండికి మార్చి గేజ్ రీడింగు, ట్రిమ్ అంకెలు ముందుయి, తర్వాతయి ఇక్కడనే పెడ్త.